చూసి చదవనా, చూడకుండా చెప్పనా

ఫిబ్రవరి 4

అమ్మాయ్,

నీ కూతురు ఉడత బాగానే ఉంది. మీ అన్నయ్య ఇంకా బాగున్నాడు. గడియారాల కొట్టు మూసేసిన దగ్గర్నుంచి ఆయనకు బాగుండటం తప్ప వేరే పని లేదు. నా సంగతి మాత్రం అడక్కు. ముప్పై ఏళ్లుగా ఒకటో తరగతి పిల్లల ఎత్తుకు వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది.

ఫోన్లు వద్దన్నానని కోపం తెచ్చుకోకు. నువ్వు ఫోన్ చేసిన రోజల్లా నీ కూతురు అన్నం ముట్టడం లేదు. ఉత్తరమైతే నువ్వు ఏడ్చినా నాకు తెలియదు, నేను విసుక్కున్నా నీకు తెలియదు. ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. దాన్ని ఇక్కడ దింపి వెళ్లేటప్పుడు "వదినా, దీని చదువు గురించి దిగుల్లేదు, క్లాసులో ఎప్పుడూ ముందే" అన్నావు. మార్కులు చూసి నేనూ నమ్మాను. మొన్న వాచకం తీసి నది పాఠం చదవమన్నాను. గడగడా చదివేసింది, ఒక్క తప్పు లేదు. కాకపోతే మూడో వాక్యం దగ్గర నోరంతా తెరిచి ఆవులించింది. నిద్రొస్తోందేమోలే అని వదిలేశాను. మర్నాడు పొద్దున్నే మొహం కడిగించి మళ్లీ చదవమన్నాను. మళ్లీ మూడో వాక్యం దగ్గరే ఆవులింత! సగం పాఠం అయ్యాక ఆగిపోయింది. "తరవాతేంటే?" అన్నాను. "తరవాత లేదత్తా" అంది. పుస్తకంలో ఇంకా పేజీన్నర ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. డ్యూటీ నుంచి వచ్చి నువ్వు చదివి వినిపించేదానివి, అది నీ వెనకే అనేది, అవునా? నువ్వు ఆవులించిన చోట అదీ ఆవులిస్తోంది. నువ్వు నిద్రపోయిన చోట పాఠం అయిపోతోంది. నవ్వలేక చచ్చాననుకో. మీ అన్నయ్యకు చెబితే ఆయనా పడీ పడీ నవ్వాడు.

నవ్వాక మాత్రం దిగులేసింది. పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, మొదటి వాక్యం నుంచి లోలోపల చెప్పుకుంటూ అక్కడిదాకా నడిచి వచ్చి అప్పుడు చెబుతోంది. ఏడెనిమిదులు ఎంతంటే ఏడొకట్ల ఏడు దగ్గర బయలుదేరుతోంది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసెయ్యమంటే ఇరవై ఆరు వేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే గొడవే లేదు కదా, కింద ఉన్నా పైన ఉన్నా దానికి ఒకటే. "నీరు వేడికి ఆవిరి అగును" అని చక్కగా అప్పజెప్పింది. పొద్దున గచ్చు మీద పడ్డ తడి ఏమైందే అని అడిగితే "నువ్వు తుడిచేసుంటావు" అంది.

అందుకని రోజూ మొదటి గంట మా ఒకటో తరగతి చాప మీద కూర్చోబెడుతున్నాను. కంగారు పడకు. పిల్లకు తెలివి లేక కాదు, కింద రాయి వెయ్యకుండా పైన గోడ లేపారంతే.

నువ్వు వేళకు తిను. ఆ ఆసుపత్రి లాండ్రీ ఆవిరిలో పని చేసి చేసి చిక్కిపోయి ఉంటావు.

మీ వదిన


ఫిబ్రవరి 15

వదినా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల గదిలో చదివాను. నాతో పాటు ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే ఆవిడ "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. మొహం అలా పెట్టానట.

నీకు నవ్వొచ్చిందని రాశావు. నాకు రాలేదు. ఆయన పోయాక రెండేళ్లు పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట పని చేశాను. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకముందే అది పుస్తకం పట్టుకుని ఎదురొచ్చేది. ఒక్కనాడు కూడా "ఇవాళ వద్దే" అనలేదు వదినా. కళ్లు మూతలు పడుతున్నా చదివి వినిపించాను. ఆ ఆవులింతలకు నువ్వూ అన్నయ్యా పడీ పడీ నవ్వుకున్నారన్నమాట. నవ్వుకోండి. నవ్విన నాపచేనే పండుతుందంటారు.

అది సరే, నాలుగో తరగతిలో చేరాల్సిన పిల్లను తీసుకెళ్లి ఒకటో తరగతి చాప మీద కూర్చోబెట్టావా? చుట్టూ పాలపళ్లైనా ఊడని పిల్లలు, మధ్యలో తాడిలా ఇది. దాని మొహం తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

దాన్ని నీ దగ్గర ఎందుకు ఉంచానో మళ్లీ చెబుతాను. ఇక్కడ నేనుండే హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. జూన్ నుంచి నాకు ఆసుపత్రి వెనకాల ఒక గది క్వార్టర్ ఇస్తామన్నారు. పక్కనే బడి. ఆ బడిలో మూడో తరగతి దాకా మధ్యాహ్నానికే వదిలేస్తారు. నాలుగు నుంచీ సాయంత్రం వరకూ ఉంచుతారు. నా డ్యూటీ సాయంత్రం దాకా. మధ్యాహ్నం నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి నాకు లేరు. నాలుగో తరగతిలో సీటొస్తే నా కూతురు నా దగ్గరుంటుంది, రాకపోతే ఉండదు. మే నెలలో పరీక్ష పెడతారు.

స్టోరు గుమాస్తా గారి అమ్మాయి దగ్గర పాత ప్రశ్నపత్రాలు సంపాదించి దీంతో పంపుతున్నాను. ఏటా అటూ ఇటూ తిప్పి అవే అడుగుతారట. అవి నోటికి వచ్చేలా చెయ్యి చాలు. పునాదులూ గోడలూ తరవాత చూసుకుందాం, ముందు నాకు నా పిల్ల కావాలి.

అన్నయ్య కొట్టు మూశాడు గానీ కలం కూడా మూశాడా? ఒక ముక్క రాయమను.

ఉంటాను,
నీ ఆడపడుచు


ఫిబ్రవరి 27

అమ్మాయ్,

నీ కోపం అందింది. దాంతో పాటు పత్రాలూ అందాయి. బీరువాలో పెట్టాను.

ఎక్కువ రాసే ఓపిక లేదు. మా బడిలో రెండో తరగతి టీచరు సెలవు పెట్టింది, ఆవిడ పిల్లలందర్నీ నా గదిలోకే తోలారు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. ఒక మూల లెక్కలు చెబుతుంటే ఇంకో మూల కొట్టుకుంటున్నారు. సాయంత్రానికి గొంతులోంచి గాలే తప్ప మాట రావట్లేదు.

చాప సంగతి చెబుతాను విను. చాప మీద కూర్చున్నందుకు దానికేం బాధ లేదు, బాధంతా నీదే. పక్కనున్న చిన్నపిల్ల దానికి అక్షరాలు దిద్దిస్తోంది, ఇది ఆ పిల్లకు ఎక్కాలు పాడి వినిపిస్తోంది. ఇద్దరికీ గొప్ప స్నేహం.

పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించాను. యాభై రెండంటే ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ. అందులోంచి ఎనిమిది తియ్యమన్నాను. రెండే ఉన్నాయి కదా, ఒక కట్ట విప్పాలి. విప్పనంటే విప్పనంది. "నేనే కట్టాను, నేను విప్పను" అని కట్టలన్నీ ఒళ్లో దాచుకుంది. తీసివేత అంతా ఆ కట్ట విప్పడంలోనే ఉందని దానికెలా చెప్పను?

ఇంట్లో చూడకుండా ఏదీ అప్పజెప్పకూడదని గట్టిగా చెప్పాను. పడుకునే ముందు మంచం మీద ఆ నది పాఠమే గొణుగుతూ ఉంటుంది, దాన్నీ ఆపించాను. ఆ అలవాటు పోతేగానీ కళ్లు అక్షరం మీదకి రావు. దాంతో మొండికేసింది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. ఆకలేస్తే గిన్నె చూపిస్తుంది. అచ్చం నీ పోలికే, నా పెళ్లయిన కొత్తలో నువ్వు నాతో మాట్లాడని నెల రోజులూ గుర్తొచ్చాయి.

మీ అన్నయ్య రాస్తానన్నాడు. అంటాడు.

వదిన


మార్చి 8

వదినా,

అది మొండితనం కాదు. నీకు దండం పెడతాను, దాన్ని ఆపకు.

ఆ పాఠం దానికి పాఠం కాదు వదినా, నేను. నేను సాయంత్రం పనికి వెళ్లినప్పుడు దాన్ని పక్కింటి వాళ్ల దగ్గర వదిలేదాన్ని. నేను వచ్చేసరికి ఒక్కోసారి నిద్రపోయి ఉండేది. ఒకరోజు వాళ్లావిడ చెప్పింది, "నువ్వు లేనప్పుడు మీ పిల్ల నీ గొంతుతో తనకి తనే పాఠం చెప్పుకుని పడుకుంటుందమ్మా" అని. అందుకే ఆవులింతతో సహా చెబుతుంది. అందులో ఒక్క ముక్క వదిలినా అమ్మ తగ్గిపోతుందని దాని భయం. నువ్వు ఆపింది బట్టీ అనుకున్నావు. దానికి మాత్రం నన్ను ఇంట్లోంచి పంపేసినట్టు అయి ఉంటుంది.

ఇది నీకు ముందే చెప్పాల్సింది. చెబితే నా పెంపకం ఎంత దరిద్రంగా ఉందో తెలుస్తుందని సిగ్గుపడ్డాను. ఇప్పుడు దాచడానికేముంది, నిండా మునిగినదానికి చలేమిటి.

ఇస్త్రీ రోలరు దగ్గర ఈ వారం నా చెయ్యి కొంచెం కాలింది. భయపడేంత కాదు. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

పత్రాలు బీరువాలో పెట్టానన్నావు. ఎందుకు పెట్టావు? బయటికి తీశావా? మే ఎంతో దూరం లేదు. వెంటనే రాయి, ఒక్క ముక్కయినా సరే.

నీ ఆడపడుచు


మార్చి 16

అమ్మాయ్,

చెయ్యి ఎలా ఉంది? నీళ్లు తగలనివ్వకు. నీ పనిలో అది కుదరదని తెలిసే రాస్తున్నాను.

నాకు తట్టలేదమ్మా. పిల్ల ఏం చెబుతోందో విన్నాను గానీ ఎందుకు చెబుతోందో ఆలోచించలేదు. నలభై మందిని ఒకేసారి చూసి చూసి ఒక్కదాన్ని చూడటం మరచిపోయినట్టున్నాను. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని "నది పాఠం చెప్పవే, నాకూ వినాలనుంది" అన్నాను. మెల్లగా మొదలుపెట్టింది. అది చెబుతుంటే నేను సుద్దముక్కతో గచ్చు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంటూ పోయాను. ఆవులింత దగ్గర "ఆవులింత" అని కూడా రాశాను. "అదేంటత్తా?" అంది. "మీ అమ్మ ఇక్కడ ఆవులిస్తుందిగా, అదే" అన్నాను. నవ్వింది! ఇన్నాళ్లకి నవ్వింది. ఆ మాట మీద కాలు పెట్టి, గెంతి, పక్క మాట మీద కాలు పెట్టింది. ఇప్పుడు రోజూ అదే ఆట. నేనొక మాట అంటాను, అది ఆ మాట వెతికి దాని మీద నిలబడుతుంది. మొదటి నుంచి నడిచి రావక్కర్లేకుండా నేరుగా వెళ్లిపోతోంది.

చూడకుండా చెప్పడం మాన్పించడం లేదు, భయపడకు. ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పుస్తకం తెరిచి ఉంటే చూసి చదవాలి. మూసి ఉంటే చూడకుండా చెప్పుకోవచ్చు, ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఏది ఇచ్చినా ముందు "చూసి చదవనా, చూడకుండా చెప్పనా?" అని అడుగుతుంది.

కట్ట కూడా విప్పింది. విప్పి, ఎనిమిది తీసి నాకిచ్చి, మిగిలినవి మళ్లీ లెక్కపెట్టుకుంది. నిన్న గచ్చు మీద నీళ్లు ఒలికితే తుడవనివ్వలేదు. తడి చుట్టూ సుద్దతో గీత గీసి కూర్చుంది. తడి లోపలికి తగ్గే కొద్దీ ఇంకో గీత, ఇంకో గీత. చివరికి "నువ్వు తుడవలేదత్తా, నేను చూస్తూనే ఉన్నా" అని సాక్ష్యం చెప్పింది.

పత్రాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. కోపం వచ్చినా సరే చెబుతాను. ఇది ఇవాళ్టికి రెండో తరగతి పిల్ల. నాలుగో తరగతిలో కూర్చోబెడితే ఏమవుతుందో నాకు తెలుసు. అలాంటి పిల్లలు అల్లరి చెయ్యరు, ప్రశ్న అడగరు, వెనక బెంచీలో కనబడకుండా అరిగిపోతారు. అందర్నీ నేను చూశాను. ఆ బడి వాళ్లను ఇంకేదైనా దారి ఉందేమో అడిగి చూడు.

మీ అన్నయ్య పోస్టుకు వెళుతున్నాడు, ఇక్కడితో ఆపుతున్నాను.

వదిన


ఏప్రిల్ 10

వదినగారికి,

నమస్కారం. నేను ఉత్తరం రాసి నెల దాటింది. మీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఫోన్ చెయ్యొద్దన్నది మీరు, జవాబు రాయనిదీ మీరు. రోజూ గేటు దగ్గర పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. కాపలా ఆయన నన్ను చూడగానే చెయ్యి అడ్డంగా తిప్పేస్తున్నాడు.

నా కడుపులో ఉన్నదంతా తీసి మీ ముందు పెట్టాను. దానికి మీ జవాబు ఇదా? మీ చేతిలో పత్రాలు పెట్టి ఇవి నేర్పండి చాలు అంటే బీరువాలో దాచారు. ఎందుకు దాచారో ఇప్పుడు అర్థమవుతోంది. పరీక్ష తప్పితే పిల్ల మీ ఇంట్లోనే ఉండిపోతుంది. మీకు పిల్లలు లేరు. నా పిల్లను మీ పిల్లను చేసుకోవాలనుకుంటే నాతో మొహం మీద చెప్పాల్సింది, చదువు పేరు అడ్డం పెట్టుకోకుండా.

ఈ నెలాఖరుకు సెలవు అడిగాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే జీతం కోసుకుంటారు. వచ్చి తీసుకెళతాను. ఎక్కడ ఉంచుతానో నాకు తెలియదు. ఆ నాలుగు పత్రాలూ నేనే నేర్పుకుంటాను. ఇంతకు ముందూ నేనేగా నేర్పాను.

మా అన్నయ్యను అడిగానని చెప్పండి.


ఏప్రిల్ 17

అమ్మాయ్,

నేనెప్పటి నుంచి "గారు" అయ్యాను?

దీంతో పాటు ఇంకో ఉత్తరం ఉంది, తేదీ చూసుకో. నీకు మార్చిలోనే రాశాను. మీ అన్నయ్య దాన్ని కోటు జేబులో పెట్టుకుని పోస్టుకని బయలుదేరి, దారిలో పాత స్నేహితుడు కనిపిస్తే వాళ్లింటి గోడ గడియారం బాగుచేసి ఇంటికొచ్చాడు. ఎండలు వచ్చాయి, కోటు మేకుకు ఎక్కింది. నీ ఉత్తరం చదివి నేను ఇల్లంతా తిరగేస్తే అందులో దొరికింది. ఆయన్ను ఏమన్నానో రాయను, కాగితం కాలిపోతుంది. రెండు రోజులుగా నాకు ఎదురు పడకుండా వీధి అరుగు మీదే కూర్చుంటున్నాడు.

నువ్వు కోపంలో రాశావని తెలుసు. అయినా ఆ మాట తగిలింది. నాకు పిల్లలు లేరన్న మాట మీ అమ్మగారు అన్నారు, ఇరుగుపొరుగు అన్నారు, నువ్వు మాత్రం ఎప్పుడూ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఇంకేం రాయను దాని గురించి.

పత్రాలు బయటికి తీశాను. నువ్వే గెలిచావనుకో. నాకు ఇష్టం లేదు, ఇష్టమని అబద్ధం చెప్పను. కానీ పిల్ల తల్లి దగ్గర ఉండాలన్న మాట దగ్గర నీతో పోట్లాడే బలం నాకు లేదు. పొద్దున నా చదువు, సాయంత్రం నీ బట్టీ. నాలుగు పత్రాల్లో ఉన్న లెక్కల జవాబులు, పర్యావరణం ప్రశ్నలు, చదవమని ఇచ్చే రెండు పాఠాలు, అన్నీ నోటికి ఎక్కిస్తున్నాను. అది చకచకా పట్టేస్తోంది. బట్టీలో దాన్ని కొట్టినవాళ్లు లేరు, నువ్వు బాగానే తయారు చేశావు. ఇది ఎత్తిపొడుపు కాదు.

నువ్వు రావద్దు, జీతం పోగొట్టుకోవద్దు. పరీక్షకు మీ అన్నయ్య తీసుకొస్తాడు. పిల్లను కోటు జేబులో పెట్టుకుని మరచిపోడులే.

వదిన


మే 24

వదినా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే కవర్లో అందాయి. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో. ఇవాళ రాయక తప్పదు.

పరీక్ష అయింది. నువ్వు నేర్పినవే వచ్చాయి. చదవమని ఇచ్చింది కూడా మన రెండు పాఠాల్లో ఒకటే. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను, అన్నయ్య బెంచీ మీద కూర్చున్నాడు. పాఠం పేరు వినగానే "అమ్మయ్య, గట్టెక్కాం" అనుకున్నాను. లోపల టీచరమ్మ పుస్తకం తెరిచి దాని ముందు పెట్టింది. మన ఉడత ఆవిడ మొహంలోకి చూసి "చూసి చదవనా, చూడకుండా చెప్పనా?" అని అడిగింది.

ఆవిడకేం తెలుసు? నవ్వి, "చూసే చదువమ్మా, పుస్తకం ఎందుకిచ్చాను మరి" అంది.

చూసి చదివింది వదినా. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని, ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి. మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చిన పాఠం! కళ్లు మూసుకుని అప్పజెబితే సీటు వచ్చేది. "చూడకుండా చెప్పెయ్యవే తల్లీ" అని కిటికీలోంచి అరవాలనిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ గడియారం చూసుకుని సగంలోనే ఆపేసింది. లెక్కల్లోనూ అంతే. జవాబులన్నీ దానికి తెలుసు. కానీ కాగితం మీద కట్టలు గీసుకుని, విప్పుకుని, తీసివేసుకుంటూ కూర్చుంది. టైమయ్యేసరికి మూడే అయ్యాయి. మూడూ ఒప్పే.

రెండో తరగతి ఇచ్చారు. నాలుగో తరగతి ఇవ్వరట.

నిజం చెప్పాలంటే అప్పుడు నీ మీద మండిపోయింది. దాన్ని వరండాలోకి లాక్కొచ్చి "వచ్చు కదే నీకు, గడగడా చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పలేదు?" అని భుజాలు పట్టి ఊపేశాను. అది నా మొహం చూసి, "ఆవిడ చూసి చదవమందిగా అమ్మా. చూసి చదవడం నాకొచ్చు" అంది.

భయపడి చెప్పిన మాట కాదు వదినా అది. నాకు తెలియని సంగతేదో నాకు చెబుతున్నట్టు చెప్పింది. ఇన్నేళ్లూ అది నేను చెప్పిందే నాకు తిప్పి చెప్పింది, ఇప్పుడు మొదటిసారి తనది ఏదో చెప్పింది. అన్నయ్య బెంచీ మీద నుంచి లేచి "బాగా చదివిందే" అన్నాడు. ఆ ఒక్క ముక్కే. ఆయన్నీ కసిరాను. తరవాత కూర్చుని ఏడ్చాను.

ఆలోచించాను. క్వార్టర్ వద్దని రాసిచ్చేస్తాను. మధ్యాహ్నం ఒంటిగంటకు బడి గేటు దగ్గర దాన్ని ఎవరు అందుకుంటారు? గదిలో పెట్టి తాళం వెయ్యలేను. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంచుకో. రెండేళ్లయినా సరే. నువ్వు మొదలుపెట్టింది మధ్యలో పాడుచెయ్యను. బతిమాలితే ఈ నాలుగు రోజులూ దాన్ని హాస్టల్లో నా పక్కన ఉండనిచ్చారు. దాని సంచీ సర్దేశాను. అదింకా ఎందుకని అడగలేదు. అన్నయ్య నీ జవాబు వచ్చేదాకా బాయిలరు దగ్గర పనిచేసే ఆయన గదిలో ఉంటానన్నాడు.

నేనన్న మాటకు కాళ్లు పట్టుకున్నా తక్కువే. నన్ను క్షమించు.

నీ ఆడపడుచు


మే 30

అమ్మాయ్,

పంపకు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను సెలవుల్లోనూ బడి రిజిస్టర్లు రాసి వచ్చి చెప్పులతోనే మంచం మీద వాలి ఉన్నాను. చదివి లేచి కూర్చున్నాను. దాని మంచం మీద దుప్పటి మార్చాను, దిండు ఎండలో వేశాను. వీధిలోకి వెళ్లి సుద్దముక్కల పెట్టె కొనుక్కొచ్చాను. నడుము నొప్పి ఏమైందో తెలియలేదు. పరీక్ష తప్పిందని నువ్వు ఏడుస్తూ రాస్తే ఇక్కడ నేను అంత సంబరపడ్డాను. దిండు తిరగేస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు ఏప్రిల్‌లో రాసిన మాట. అది అబద్ధం అనుకుని బాధపడ్డాను గానీ, అంత అబద్ధమేమీ కాదమ్మా.

కాబట్టి పంపకు. క్వార్టర్ తీసుకో. రెండో తరగతిలో చేర్పించు, సిగ్గుపడకు. దాని వయసు పిల్లలు పైతరగతిలో ఉన్నారని ఎవరైనా అంటే అననీ. దానికి ఇప్పుడు సరిగ్గా సరిపోయే చోటు అది. నేను చెప్పిన దానికన్నా ఎక్కువ నేర్చుకుంది, పైగా తనకి ఎంత వచ్చో అంతే వచ్చని ఒప్పుకుంది. ఆ టీచరమ్మకు నా తరఫున ఒక దండం పెట్టు, "చూసే చదువు" అన్నందుకు.

ఇక ఒంటిగంట సంగతి. మనిషి లేరని రాశావు. నీ పక్కనే బాయిలరు గదిలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు కదా, కనబడలేదా? మీ అన్నయ్యను ఉంచేసుకో. నేను ఆయనకు విడిగా రాస్తున్నాను, ఆ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను. పిల్లను గేటు దగ్గర అందుకుంటాడు, అన్నం పెడతాడు, నువ్వు వచ్చేదాకా కూర్చుంటాడు. కూర్చోవడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. గడియారం చూడటం నేర్పమను, అదొక్కటీ నాకన్నా బాగా చెబుతాడు. గురక పెడతాడు, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. చక్కెర ఆయనకు కనబడకుండా పెట్టు. చేతికి ఉత్తరాలు మాత్రం ఇవ్వకు.

చదువు గురించి నీకు చెప్పేది కొంచెమే. తప్పు చదివితే వెంటనే అందించకు, కాసేపు ఆగు, అదే వెనక్కి వెళ్లి దిద్దుకుంటుంది. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు పదేసి కట్టలు కడతారు కదా మీరు, వీలైతే ఒకరోజు తీసుకెళ్లి చూపించు. ఏదైనా ఎందుకని అడిగితే తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడే పెద్దవాళ్ల వల్లే పిల్లలు బట్టీ పడతారు.

ఆయన బట్టలూ దాని బట్టలూ పార్సిల్ చేస్తున్నాను. నా గురించి దిగులు పడకు. సెలవులు ఎంతలో అయిపోతాయి, పొద్దున నలభై మంది ఉంటారు. సాయంత్రాలు కొంచెం ఖాళీగానే ఉంటాయి, అది మాత్రం నిజం.

వచ్చే సెలవులకు దాన్ని తీసుకురా. నువ్వు తీసుకొచ్చి, నువ్వే తీసుకెళ్లు. ఒక్కదాన్ని మాత్రం పంపకు అమ్మాయ్. ఈసారి ఒక్కదాన్ని పంపితే నేను తిరిగి ఇవ్వలేను.

మీ వదిన